వినాయకుడికీ కోతికీ మధ్య దూరం

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని మన పెద్దలు ఒక సామెత పుట్టించి, బొమ్మలేసేవాళ్ళందరి నెత్తిమీదా తరతరాలకు సరిపడా ఓ మొట్టికాయ ఉంచిపోయారు. ఆ సామెత కట్టిన మహానుభావుడెవరో గానీ సగం మాటే చెప్పాడు. కోతి అయిందన్నమాట నిజమే కావచ్చు. ఎక్కడ కోతి అయింది? తొండం దగ్గరా, దవడ దగ్గరా, కూర్చున్న తీరులోనా? అది చెప్పకుండా నవ్వేసి తన దారిన తాను పోయాడు. పాపం ఆ కుర్రాడు మర్నాడు మళ్ళీ మట్టి పిసికి మళ్ళీ కోతినే చేసి ఉంటాడు. అలా వందసార్లు చేస్తే నూరో కోతి మొదటి కోతికన్నా నునుపుగా, నిగనిగలాడుతూ, ఎవరూ వంక పెట్టలేని కోతిగా తయారై ఉంటుంది. ఒట్టి సాధన వల్ల బాగుపడేది కోతి. అది వినాయకుడు కావాలంటే ‘ఇదిగో, ఇక్కడ’ అని వేలు పెట్టి చూపించేవాడు ఒకడుండాలి. నా వాదన మొత్తం ఇంతే. మిగతాదంతా దీనికి సాక్ష్యాలూ, దీన్ని కాదనేవాళ్ళకు జవాబులూ.

ముందు ఒక సందేహం తీర్చుకోవాలి. బొమ్మలు నేర్చుకునేవాళ్ళకు లోకంలో ఇన్ని వస్తువులుండగా మనిషి బొమ్మ దగ్గరే ఇంత గొడవెందుకు? చెట్టు గీయండి. ఓ కొమ్మ రెండంగుళాలు పక్కకి జరిగినా చెట్టు వచ్చి నిలదీయదు, చూసేవాడూ కనిపెట్టడు. కొండ గీయండి. దాని భుజాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మేఘం సంగతి సరేసరి, ఎలా గీస్తే అలాగే ఉంటుంది. అదే మనిషి మోచెయ్యి ఓ అర అంగుళం కిందికి దిగిందనుకోండి, జన్మలో పెన్సిలు పట్టనివాడు కూడా ఆగి, తల పక్కకి వంచి, ‘చెయ్యి అదోలా ఉందేం?’ అంటాడు. పుట్టిన దగ్గర్నుంచీ మనం మనుషుల్ని చూసినట్టు మరి దేన్నీ చూడలేదు. ఎదురింటాయన వీధి చివర మలుపు తిరుగుతుంటే ముఖం కనిపించకపోయినా నడకని బట్టే పోల్చుకుంటాం. లియొనార్డో డావించీ కూడా అయిదువందల ఏళ్ళ కిందటే ఈ సంగతి గమనించి, బొమ్మ వేసేటప్పుడు ఎవరి మాటనూ తోసిపుచ్చవద్దని చిత్రకారులకు సలహా ఇచ్చాడు. బొమ్మలు రానివాడికి కూడా సాటిమనిషి ఆకారం తెలుసు, గూనో భుజం ఎత్తో వాడు ఇట్టే పట్టేస్తాడని ఆయన ఉద్దేశం. అంటే ఫిగర్ డ్రాయింగ్ విద్యార్థి రాసే పరీక్షకు ఊరంతా ఎగ్జామినర్లే. పేపరు దిద్దినందుకు వాళ్ళకు భత్యం కూడా అక్కర్లేదు.

మరి అందరికీ అంత బాగా తెలిసిన మనిషిని గీయబోతే తప్పెందుకొస్తుంది? తెలియడం వల్లే వస్తుంది. కంటికి కనిపించేది వదిలేసి మనసుకు తెలిసింది గీస్తాం. ముఖం ముఖ్యమని తెలుసు కనుక తల పెద్దదవుతుంది. కళ్ళు పైన ఉంటాయని తెలుసు కనుక నుదుటి మీదికి ఎక్కి కూర్చుంటాయి. నిజానికి నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు సుమారు సగంలో ఉంటాయి. నమ్మకం లేకపోతే పెన్సిలు పట్టుకుని అద్దం ముందు నిలబడండి. కళ్ళకు పైన ఇంత ఆస్తి ఉందని చాలామందికి అప్పుడే తెలుస్తుంది. విప్పిన చెయ్యి గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే చోటు దాకా ముఖాన్ని దాదాపు కప్పేస్తుంది. బొమ్మలో మాత్రం అది చంటిపిల్లాడి చెయ్యంత ఉంటుంది. వేళ్ళు అయిదని తెలుసు కనుక పిడికిలి బిగించినా అయిదూ లెక్కకు రావలసిందే. ఈ కష్టాలు దాటడానికి విద్యార్థిలోకం కనిపెట్టిన ఉపాయాలు అమోఘం. చేతులు రాకపోతే జేబుల్లో పెట్టిస్తారు, జేబుల్లేని పురాణపురుషులైతే వెనక్కి కట్టుకుని ఆలోచనలో పడతారు. పాదాలు రాకపోతే మోకాళ్ళ దాకా గడ్డి మొలుస్తుంది. రెండో కన్ను మొదటిదానితో కలవకపోతే జుట్టు వచ్చి ముఖం మీద పడుతుంది. ఇవేవీ వద్దనుకుని పక్కముఖాలే, అదీ ఎడమవైపు తిరిగినవే గీసేవాళ్ళున్నారు. వాళ్ళ పుస్తకం తిరగేస్తే దేశజనాభా అంతా ఒకే బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుంటుంది.

కన్ను ఇలా మోసం చేస్తుందని తెలిసే పూర్వులు కొలతలు పెట్టుకున్నారు. మన శిల్పశాస్త్రాల తాలమానంలో ముఖం పొడవు ఒక తాలం, తాలానికి 12 అంగుళాలు, నవతాలమంటే 108 అంగుళాలు. ఇది టేపు మీది అంగుళం కాదు, ఏ బొమ్మ అంగుళం ఆ బొమ్మదే. దేవతలకు తొమ్మిదీ పదీ తాలాలు చెప్పిన సంప్రదాయం వినాయకుడికి పంచతాలం చెప్పింది, అంటే అయిదు ముఖాల ఎత్తు. ఫస్టియర్ విద్యార్థి గీసిన మామూలు మనిషిని కొలిచి చూస్తే చాలాసార్లు ఈ పంచతాలం దరిదాపుల్లోనే తేలతాడు. సామెత తిరగబడిందన్నమాట. మనిషిని చేయబోతే వినాయకుడయ్యాడు! రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తల మనిషి ఎత్తులో ఎనిమిదో వంతు అన్నాడు. ఆయన లెక్కలు ముందు పెట్టుకునే 1490 ప్రాంతంలో లియొనార్డో వలయంలోనూ చదరంలోనూ కాళ్ళూచేతులూ చాపిన మనిషిని గీశాడు. నిజం మనుషులు మాత్రం ఏడు, ఏడున్నర తలల దగ్గరే ఆగిపోతారు. ఆ పైన ఉన్న అర తలా చిత్రకారుడి మర్యాద. కొలతలు పట్టుకు వేళ్ళాడితే బొమ్మ కొయ్యబారిపోతుందనీ, నడిచే మనిషి నాపరాయి అవుతాడనీ కొందరంటారు. నిజమే, కొలతలతో బొమ్మ పుట్టదు. తూకంరాయి కూర వండదు, కానీ కొట్లో ఎంత తగ్గిందో చెబుతుంది. బొమ్మకు కదలిక వేరే నేర్చుకోవాలని మన పాతవాళ్ళకూ తెలుసు. విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రుడనే రాజు విగ్రహాలు చేయడం నేర్పమంటే మార్కండేయుడు ముందు చిత్రకళ రావాలంటాడు, దానికి ముందు నృత్యం, దానికి ముందు వాద్యం, దానికీ ముందు గానం. ఒక సీటు నుంచి ఇంకో సీటుకి ఫైలు తిరగడం ఆనాడే ఉందని నవ్వుకోవచ్చు గానీ, ఒళ్ళు ఎలా కదులుతుందో తెలియకుండా ఒళ్ళు గీయలేవన్న మాట మాత్రం నేటికీ ఖాయం.

ఇక సాధన సంగతి. బీఎఫ్‌ఏ విద్యార్థులకు రోజుకిన్ని స్కెచ్‌లని లెక్కుంటుంది. వాటికోసం రైల్వేస్టేషన్లకూ బస్టాండ్లకూ సంతలకూ పోతారు. అక్కడ మోడల్‌కి డబ్బులివ్వక్కర్లేదు, కదలొద్దని బతిమాలక్కర్లేదు. ప్లాట్‌ఫాం మీద సంచీ తలకింద పెట్టుకుని ఓ ప్రయాణికుడు పడుకుని ఉంటాడు. ఒక మోకాలు పైకి లేచి ఉంటుంది, రెండో కాలు చాపి ఉంటుంది, ఒక చెయ్యి వెలుతురుకి అడ్డంగా కళ్ళమీద, రెండోది నిద్రలో కూడా టికెట్టున్న జేబు మీద. విద్యార్థి అతని పాదాల వైపు కూర్చుంటాడు. అక్కడి నుంచి చూస్తే అరికాలు తలకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. కళ్ళు ఆ నిజం చెబుతూనే ఉంటాయి, మనసు ఒప్పుకోదు. అరికాలు తలకన్నా పెద్దదేమిటి, ఎక్కడైనా ఉందా! అని పాదాలు కుదించి, తల పెంచి, మధ్యలో ఒళ్ళంతా పొడుగ్గా లాగేస్తాడు. చివరికి కాయితం మీద ఆ మనిషి పడుకోడు, కనిపించని గోడకు చేరబడి నిలబడి నిద్రపోతుంటాడు. ఇలా 200 పేజీలు నింపితే గోడకు చేరబడ్డ 200 మంది తయారవుతారు. వెనకనుంచి ఎవరైనా వచ్చి, ‘ఒక కన్ను మూసి, చెయ్యి చాపి, పెన్సిలు మీద ముందు అరికాలు కొలువు, తరవాత తల కొలువు’ అంటే చాలు, 201వ మనిషి హాయిగా నేలమీద పడుకుంటాడు. ఆ 200 పేజీలూ చేతిని చురుకు చేశాయి. కంటిని తెరిచింది మాత్రం ఆ ఒక్క వాక్యం.

1993లో ఎరిక్సన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త మరో ఇద్దరితో కలిసి బెర్లిన్ సంగీత విద్యాలయంలోని వయొలిన్ విద్యార్థుల మీద రాసిన పరిశోధన పత్రం చాలా పేరు పొందింది. దాంట్లోంచి లోకం పదివేల గంటలన్న అంకె ఒక్కటి పీక్కుని తక్కినది వదిలేసింది. గంటలు లెక్కపెట్టడం సులువు మరి. ఆ పత్రం చెప్పిన సాధన ఊరికే వాయిస్తూ కూర్చోవడం కాదు. లోపం చూసి దాన్ని దిద్దడానికే పెట్టుకున్న అభ్యాసం, ఫలితం వెంటనే తెలిసే అభ్యాసం, దాని వెనక ఓ గురువు. గురువును తీసేసి గంటలు మాత్రం ఉంచుకుంటే ముప్ఫై ఏళ్ళుగా ఒకే తప్పుతో సంతకం పెడుతున్న మనబోటివాళ్ళందరం ఈపాటికి దస్తూరీ విద్వాంసులం కావలసింది.

సరే, చెప్పేవాళ్ళు కావాలి. వాళ్ళకేం కరువా? ఇంట్లో మొదలుపెడదాం. ‘ఎంత బాగుందో నాన్నా!’ అంటుంది అమ్మ, ఒక్క క్షణం ఆగి, ‘ఇంతకీ ఎవరిదీ?’ అంటుంది. మొదటి వాక్యం ప్రేమ, రెండోదే అసలు విమర్శ. విద్యార్థి మొదటిదే విని వెళ్ళిపోతాడు. చుట్టపుచూపుగా వచ్చిన మావయ్య ‘దీంట్లో నెలకెంతొస్తుందిరా?’ అంటాడు. ఫోన్లో పెడితే నలభై నిప్పుబొమ్మలూ, పాతిక హృదయాలూ, ఒక ‘సూపర్ బ్రో’ వస్తాయి. నిప్పుబొమ్మని ఎంతసేపు పరిశీలించినా మెడ పొట్టిదో పొడుగో తేలదు. దీనికి నాకు తోచిన కొలబద్ద ఒకటుంది. పెన్సిలుతో అమలుచేయగలిగిన మాటే విమర్శ, మిగతాదంతా వాతావరణ సూచన. ‘బాగుంది’ అంటే ఏ గీత మార్చాలో తెలియదు, ‘బాగాలేదు’ అన్నా తెలియదు. ‘ఎడమ చెవి కిందికి దించు’ అంటే తెలుస్తుంది. అలాగని మామూలు జనం మాట కొట్టిపారేయకూడదు. గ్రీకు చిత్రకారుడు అపెల్లీస్ తన బొమ్మలు బయట పెట్టి వెనక నక్కి జనం మాటలు వినేవాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఓ చెప్పులు కుట్టేవాడు చెప్పు తప్పుగా ఉందంటే మర్నాటికి దిద్దేశాడు. ఆ ఉత్సాహంలో వాడు కాలి మీదకు కూడా వెళ్ళేసరికి, చెప్పు దాటి పైకి రావద్దని మందలించాడట. కథ చమత్కారమే గానీ అపెల్లీస్ తొందరపడ్డాడేమోనని నా అనుమానం. చూసేవాడు రోగిలాంటివాడు. నొప్పుందని చెప్పడంలో అతని మాటకు తిరుగులేదు. ఆ నొప్పి ఎక్కడినుంచి వస్తోందో చెప్పాల్సింది మాత్రం వైద్యుడు.

ఆ వైద్యం ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. లైఫ్ క్లాసులో మోడల్ కుడికాలి మీద బరువు మోపి, ఎడమ మోకాలు కాస్త వంచి నిలబడ్డాడు. విద్యార్థి గీశాడు. అంతా కుదిరినట్టే ఉంది, ముఖం మాత్రం తాగినవాడిలా ఉంది. చెరిపి మళ్ళీ గీశాడు, కంగారుపడ్డవాడిలా వచ్చింది. మూడోసారి చెరిపేసరికి కాయితం ఉన్నిబట్టలా నూగు లేచింది. అప్పుడు మాస్టారు వచ్చి ముఖం వైపు చూడనైనా చూడకుండా ఓ దారానికి రబ్బరుముక్క కట్టి, బొమ్మలో గొంతు గుంట దగ్గర పట్టుకుని కిందికి వదిలారు. మోడల్ మీద చూస్తే ఆ దారం బరువు మోస్తున్న కుడి చీలమండ దగ్గర పడుతోంది. బొమ్మలో రెండు పాదాలకూ బయట, నేలమీద పడింది. ‘ఈయన పడిపోతున్నాడయ్యా, ముఖం కంగారుగా ఉండక ఏం చేస్తుంది?’ అన్నారు మాస్టారు. ఆ తరవాత నడుము చూపించారు. బరువు మోసే వైపు తుంటి పైకి లేవాలి, అదే వైపు భుజం కిందికి దిగాలి. కుర్రాడు రెంటినీ బల్లపరుపుగా గీశాడు. అజంతా మొదటి గుహలో పద్మపాణి అంత సుకుమారంగా నిలబడగలిగింది ఈ వంపుల వల్లే, మన శాస్త్రం దాన్నే త్రిభంగం అంది. తుంటి వాల్చి, భుజం దించి, కాలు దారం కిందికి జరిపేసరికి ముఖం ముట్టుకోకుండానే కుదురుకుంది. ఈ రోగాన్ని ఆ కుర్రాడు వెయ్యి ముఖాలు గీసినా కనుక్కోలేడు. ఎందుకంటే రోగం ముఖంలో లేదు.

చెప్పే మాట ఎంత ముఖ్యమో చెప్పే వేళ కూడా అంతే ముఖ్యం. విద్యార్థుల్లో ఓ తెగ ఉంది. వాళ్ళు మొదట కుడికంటి రెప్పవెంట్రుకలతో మొదలుపెడతారు. మూడు గంటలు కూర్చుని కంట్లో నీటిచుక్క మెరుపుతో సహా షేడింగ్ చేసి, ఆ కన్ను ఉండాల్సిన చోట చెవి ఉందని సాయంత్రం తెలుసుకుంటారు. అప్పుడు ఎవరు చెప్పినా చెరపబుద్ధి కాదు. వంకర పునాది మీది ఇంటికి ముందే రంగులేసుకున్నాక కూలగొట్టమంటే ఎవరు వింటారు? శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళకు ఈ వివేకం ఎప్పుడో ఉంది. కరక్కాయ పట్టించిన బట్టమీద ముందు చింతపుల్ల కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుంటారు. బొగ్గు గీతని గుడ్డతో దులిపితే పోతుంది. తుప్పూ బెల్లమూ ఊరబెట్టి చేసిన కసిమి ఒకసారి తగిలిందా, ఆ నల్లగీత ఇక ఎవరి మాటా వినదు. విమర్శ బొగ్గు దశలోనే అడగాలి. ఒంటి కదలికను గబగబా పట్టే జెశ్చర్ గీసిన అర నిమిషానికి చెప్పిన తప్పు ఒక్క గీతతో పోతుంది, ఫ్రేము కట్టించాక చెప్పిన తప్పుకు స్నేహమే పోతుంది. పక్కన చెప్పేవాళ్ళు లేని రోజున అద్దం ఉంది. బొమ్మను అద్దంలో చూస్తే వేరెవరో వేసినట్టు కనిపించి తప్పులు బయటపడతాయని లియొనార్డోయే చెప్పాడు. పరాయివాళ్ళ బొమ్మల్లో తప్పులు పట్టడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య గదా!

ఇక కాదనేవాళ్ళ దగ్గరికి వద్దాం. ‘ఇదంతా ఎందుకండీ, కళ పూర్వజన్మ సుకృతం, ఉంటే ఉంటుంది లేకపోతే లేదు’ అనేవాళ్ళు మొదటి బృందం. రాజమండ్రి దామెర్ల రామారావుకు ఉన్నంత సుకృతం ఎవరికుంది? 1897లో పుట్టి 1925లోనే, 28 ఏళ్ళు నిండకుండానే వెళ్ళిపోయినా ఆంధ్ర చిత్రకళకు ఆద్యుల్లో ఒకడిగా నిలిచాడు. అయినా ఆ ప్రతిభను గుర్తించిన ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర, నీకు పుట్టుకతోనే వచ్చేసింది పొమ్మనలేదు, బొంబాయి జె.జె. స్కూల్‌కి పంపించి దిద్దించుకోమన్నాడు. అటు చివర వాన్ గోను చూడండి. చిత్రాలమ్మే దుకాణంలో గుమాస్తా, బడిపంతులు, మతబోధకుడు, అన్నీ అయిపోయి 1880లో 27 ఏళ్ళ వయసులో చిత్రకారుణ్ణవుతానన్నాడు. మన ఇళ్ళలో అయితే గ్రూప్స్‌కి కట్టమనేవాళ్ళు. ఆయన చార్ల్స్ బార్గ్ తయారుచేసిన డ్రాయింగ్ పాఠాల పలకలు తెప్పించుకుని వరసగా నకలు చేసి, మళ్ళీ మొదటికొచ్చి చేశాడు. సుకృతం మీద ఆధారపడే మనిషి చేసే పని కాదిది.

రెండో బృందం ఇంకాస్త గట్టిది. ‘విమర్శ వల్ల ఉత్సాహం చస్తుంది, సొంత శైలి చస్తుంది’ అంటారు. మనిషిని తిట్టడం గురించైతే నాకూ సమ్మతమే. ‘వీడికి రాదు’ అన్నది బొమ్మ మీద మాట కాదు, పైన చెప్పిన కొలబద్ద ప్రకారం అది వాతావరణం. కానీ వాన్ గో కథే మళ్ళీ వినండి. 1885లో బంగాళాదుంపలు తింటున్న రైతుకుటుంబం బొమ్మను అచ్చువేసి స్నేహితుడు వాన్ రాపార్డ్‌కి పంపితే, చేతులు సరిగా లేవు, మనుషులు పైపైన గీసినట్టున్నారని ఆయన చెడామడా రాశాడు. వాన్ గోకి ఒళ్ళు మండి ఆ ఉత్తరాన్నే తిప్పి పంపేశాడు. తన మనుషులు అచ్చుగుద్దినట్టు సరిగ్గా ఉండక్కర్లేదనీ, బతికి ఉంటే చాలనీ వాదించాడు. వాదిస్తూనే ఆ వేసవంతా ఏం చేశాడు? వంగి పరిగెలు ఏరేవాళ్ళనీ, మట్టి తవ్వేవాళ్ళనీ పెద్దపెద్ద కాయితాల మీద ఒకరి తరవాత ఒకరిని గీస్తూ కూర్చున్నాడు. నోరు ఒప్పుకోలేదు, చెయ్యి ఒప్పుకుంది. విద్యార్థికి అంతకన్నా ఏం కావాలి? శైలి మాటకొస్తే బాపు బొమ్మ చూడండి. నాలుగే గీతలు, నడుం ఏ మానవ నడుమూ తిరగనంత తిరుగుతుంది. అయినా ఆ అమ్మాయి పడిపోదు, కడవ బరువు తుంటి మీదే ఉంటుంది. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడి భుజం మీద శవం బరువు మనకూ తగులుతుంది. నియమం తెలిసి వంచితే శైలి, తెలియక వంగితే ప్లాట్‌ఫాం గోడ. రానిదాన్ని శైలి అనడం ఆడలేక మద్దెల ఓడనడానికి బంధువే.

చివరివాళ్ళు ఈ కాలంవాళ్ళు. మీట నొక్కితే యంత్రమే బొమ్మ వేసి పెడుతుంటే ఈ పాట్లెందుకంటారు. వేస్తుంది, కాదనను. కానీ అదే యంత్రం మొదట్లో మనిషికి ఆరు వేళ్ళు పెట్టి, బ్రహ్మదేవుడికే సవరణ చెప్పింది. లెక్కలేనన్ని బొమ్మలు మింగినా వేళ్ళు లెక్కపెట్టడం రాలేదు. జనం నవ్వుతూ తప్పులు ఎత్తిచూపాక, తయారుచేసినవాళ్ళు దిద్దుకుంటూ వచ్చాకే చెయ్యి కాస్త చెయ్యి అయింది. నా వాదనకు ఇంతకన్నా పెద్ద సాక్షిని నేనూ తెచ్చుకోలేను. పైగా యంత్రం మీట నొక్కితే బొమ్మ వస్తుంది గానీ, చూపు రాదు. ప్లాట్‌ఫాం మీది అరికాలు తలకన్నా పెద్దదిగా ఉందని ఒప్పుకోగలిగిన చూపు గీసినవాడికే వస్తుంది.

కాబట్టి సామెతను మార్చమని పెద్దల్ని అడగను, దానికి ఒక తోక తగిలిస్తే చాలు. కోతికి అది లోటు కూడా. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని ఎవరైనా నవ్వినప్పుడు విద్యార్థి రోషం తెచ్చుకోకూడదు, శైలి అని బుకాయించకూడదు, పెన్సిలు చెక్కుకుంటూ మెల్లిగా ఒక్క మాట అడగాలి: ‘ఎక్కడండీ?’ ఆ పెద్దమనిషి వేలు పెట్టి చూపించగలిగితే కాళ్ళకు దండం పెట్టి దిద్దుకోవాలి. చూపించలేక గడ్డం గోక్కుంటూ నిలబడిపోతే, ‘అలాగే ఉండండి, కదలకండి’ అని కొత్త కాయితం తీయాలి. అసలే మోడల్ దొరకడం కష్టంగా ఉంది.